మంచం వంతు, కుర్చీ వంతు

నేను ముసలివాడినయ్యానని ప్రభుత్వం ఒక కార్డు ఇచ్చింది. ఆ విషయంలో నాకు ముందునుంచీ కొంత అనుమానం ఉంది గానీ, రాతపూర్వకంగా అందడం ఇదే మొదలు. కార్డు నలగకుండా లామినేషన్ చేయిద్దామని కరీంనగర్ బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణానికి వెళ్లాను. యంత్రం వేడెక్కేదాకా ఆగమంది అక్కడి అమ్మాయి. ఆగాను. కాసేపటికి దాని నోట్లోంచి ఒక వాసన వచ్చింది. మాడీ మాడని ప్లాస్టిక్ వాసన, దాని వెనకాల కరిగిన మైనం లాంటిది ఇంకొకటి. నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి ముందుకు వెళ్లి, బయటికి వస్తున్నదాన్ని రెండు వేళ్లతో అందుకోబోయింది. "తాతా, చెయ్యి గాల్తది!" అని అరిచింది ఆ అమ్మాయి. నిజానికి నేను కార్డును అందుకోవడం లేదు. ఎవరిదో గుండెను అందుకుంటున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన ఆ రోజుల్లో గుండెకు వాసన ఉండేది. గుండె కొట్టుకునే తీరును గీసే యంత్రంలో ఒక సన్నని సూది ఉంటుంది. అది వేడెక్కి, మైనం పూసిన కాగితాన్ని కాలుస్తూ గీత గీస్తుంది. కరీంనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో (పేరు ఎందుకులెండి, అదిప్పుడు లేదు) ఆ యంత్రాన్ని నడిపే ఉద్యోగం నాది. హైదరాబాదులో ఫిజిక్సుతో బీఎస్సీ పూర్తిచేసి సిరిసిల్లకు తిరిగివచ్చినప్పుడు, మగ్గం నేసే మా బాపు పట్టాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతోని ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. విశ్వవిద్యాలయంలో ఎవరూ అడగలేదు. జవాబు వెతుక్కుంటూ ఆ ఆసుపత్రికి వెళితే డాక్టర్ దిగంబరరావుగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఫ్యూజు ఎయ్యొస్తదా?"

"వస్తది సార్."

"బరం. నౌకరీ నీదే."

'బరం' అంటే మరాఠీలో 'సరే' అని తరువాత తెలిసింది. ఆయనది బోథ్ దగ్గర పల్లె. పత్తి పండించే ఇల్లు. అటు మరాఠీ, ఇటు తెలుగు, పైన ఉర్దూ చదువు; మూడూ కలిసి ఆయన నోట్లో సఖ్యంగానే కాపురం ఉండేవి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. రబ్బరు అడుగుల బూట్లు వేసుకోవడం వల్ల నడిస్తే చప్పుడయ్యేది కాదు. రోగి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఆయన ముఖం ఉండేది, ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలిసేది కాదు. నిలబడి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మంచం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, రెప్ప వేయకుండా చూస్తూ, గుండెపోటు వచ్చిన ప్రతి మనిషినీ ఒక మాట అడిగేవారు.

"నీ మనసేమంటున్నది? బతుకుతవా?"

వార్డులో ఎవరూ ఎత్తకూడని మాట అది. విన్న బంధువులు నోటి మీద చెయ్యి వేసుకునేవాళ్లు. ఆయనకు మాత్రం అది పరిశోధన. సూది గీసిన గీత జరిగిపోయింది చెబుతుందే గానీ జరగబోయేది చెప్పదని, ఆ సంగతి లోపలున్న మనిషికి ముందే తెలుస్తుందేమో చూడాలని ఆయన ఆలోచన. జవాబు ఏదైనా రాసుకునేవారు. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు.

కుర్చీ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ కాలంలో గుండెపోటుకు మందుల కంటే పెద్ద మందు మంచం. వారాల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. పక్కకు తిరగాలన్నా ఇంకొకరు తిప్పాలి, ముద్ద ఇంకొకరు పెట్టాలి. ఆ పడకే కొందరిని చంపుతోందేమోనని దిగంబరరావుగారికి అనుమానం. కదలని కాళ్లలో నెత్తురు గడ్డకడుతోంది, ఊపిరితిత్తుల్లో నీరు నిలుస్తోంది, కూర్చోబెడితే గుండెకు బరువు తగ్గుతుందేమో అని. ఎక్కడో తహసీలు కచేరీ సామాను వేలం వేస్తుంటే ఎత్తు వీపున్న ఒక పేము కుర్చీ కొనుక్కొచ్చి, వార్డులో కిటికీ పక్కన వేయించారు.

సిస్టర్ రూతమ్మ ఆ కుర్చీని చూసి, ఆయన చెప్పింది విని, దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. 

"సార్, మీరు బోథోళ్లు. మీకు ఎర్కలేదేమో," అంది. "ఈడ పానం పోయేటప్పుడే మనిషిని మంచం మీదికెళ్లి దించుతరు. మంచం మీద పోవద్దని. ఇగ జంగాలోళ్లు, లింగం కట్టెటోళ్లయితే పోయినంక కుర్చీలనే కూసోబెడ్తరు. కూసోబెట్టే బొంద పెడ్తరు. మీరు బతికున్నోన్ని దించి, కూసోబెడ్తమంటున్నరు. సూసెటోళ్లకు ఏమనిపిస్తది?"

"ఏమనిపిస్తది?"

"దించినప్పుడు పోతుండనిపిస్తది. కూసోబెట్టినప్పుడు పోయిండనిపిస్తది."

"బరం," అన్నారాయన. కుర్చీ అక్కడే ఉండిపోయింది.

నచ్చినవాళ్లకు కుర్చీ, నచ్చనివాళ్లకు మంచం అంటే ఆ పరిశోధనకు అర్థం లేదని ఆయనకు తెలుసు. అందుకని వార్డు తలుపుకు బడిపిల్లల పలక ఒకటి వేలాడదీశారు. వచ్చిన వరుసలో ఒకరికి మంచం, తరువాతివారికి కుర్చీ. ఒక రోగి చేరగానే, రాబోయేవారి వంతును ఆయనే స్వయంగా బలపంతో రాసేవారు. ఆ పలకను చూస్తే నాకు మొదట్లో నవ్వొచ్చేది, పోనుపోను నవ్వు తగ్గింది. అది ఇంకా జబ్బు పడని మనిషి కోసం రాసిన రాత. ఆ మనిషి ఆ క్షణాన బజారులో బెండకాయలు బేరమాడుతూ ఉండవచ్చు, ఎవరి పెళ్లిలోనో బంతిలో కూర్చుని ఉండవచ్చు. ఇక్కడ తలుపు మీద అతని వంతు గాలికి కదులుతూ ఉండేది.

కుర్చీ వంతు వచ్చిన మొదటి మనిషి శరభయ్య అనే వేములవాడ వైపు జంగమాయన. బస్సులో నొప్పి వచ్చిందట. ఎవరో ఎత్తుకొచ్చి దింపారు. నుదుట విభూతి చెక్కుచెదరలేదు గానీ ఒక కాలి చెప్పు బస్సులోనే పోయింది. మిగిలిన ఒక్క చెప్పు మాత్రం విప్పనివ్వలేదు. రెండు రోజులు గడిచాక మేం ముగ్గురం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన కుర్చీ చేతుల మీద చేతులు వేసుకుని, కిటికీ వైపు చూసి, "మంచిగున్నది," అన్నాడు. డాక్టరుగారు గొంతుక్కూర్చుని తన ప్రశ్న వేశారు.

"అయ్యగారూ, మీ మనసేమంటున్నది? బతుకుతరా?"

శరభయ్య నవ్వాడు. "నేనేడికి పోత సాబ్? ఈడ్నే కూసుంటా."

దిగంబరరావుగారు దాన్ని బతుకుతానన్న జవాబుగా రాసుకున్నారు. నేనైనా అలాగే రాసేవాడిని. మరునాడు పొద్దున పాలగ్లాసు తీసుకుని వెళ్లిన సిస్టర్ పిలిస్తే ఆయన పలకలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బంధువులు వచ్చారు. వాళ్ల పద్ధతిలో పోయినవాళ్లు కూర్చోవాలి కాబట్టి, ఆ కుర్చీనే వరండాలోకి మోసి, తల వాలకుండా గడ్డం కింది నుంచి నెత్తి మీదికి తువ్వాల కట్టి, విభూతి రాసి, దండ వేశారు. పోతూ పోతూ ఒక పెద్దాయన డాక్టరుగారి చేతులు పట్టుకుని, "మా కష్టం తప్పించిండ్రు సాబ్. ముందే కూసోబెట్టిండ్రు," అన్నాడు. కృతజ్ఞతతోనే అన్నాడు. అదే ఘోరం.

ఆ తరువాత కుర్చీ కిర్రుమనడం మొదలుపెట్టింది. ఎవరూ కూర్చోనప్పుడే. పేముకు చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, ఎండ తగిలితే ముడుచుకుంటుంది, అప్పుడు చప్పుడు చేస్తుంది. నేను ఫిజిక్సు చదివినవాణ్ణి, ఈ సంగతి వార్డులో అందరికీ విడమరిచి చెప్పాను. నా బల్లను మాత్రం కిటికీ దగ్గర నుంచి తలుపు దగ్గరికి జరుపుకున్నాను, వెలుతురు కోసం. తలుపు దగ్గర వెలుతురు ఉండదని సిస్టర్ అంది. ఆమె బీఎస్సీ చదవలేదు.

మంచం వంతు వచ్చినవాళ్లు కూడా కుర్చీకి వీపు పెట్టి పడుకునేవాళ్లు. గింజల వ్యాపారం చేసే ఒక గల్లా సేటు రోజూ పొద్దున కళ్లు తెరవగానే కుర్చీకి దండం పెట్టేవాడు. కుర్చీ వంతు అనగానే కొందరు రోగిని జట్కా మీద ఎక్కించుకుని వెళ్లిపోయేవాళ్లు. దానికి కుర్చీ ఒక్కటే కారణం కాదు. దిగంబరరావుగారు నిజం చెప్పేవారు.

"ఏదో ఒకటి గట్టిగ చెప్పుండ్రి సాబ్! మంచం మంచిదా, కుర్చీ మంచిదా?" అని ఒక పటేలు నిలదీశాడు.

"తెల్వదు. తెలుసుకుంటందుకే ఇదంత."

"డాక్టరుకే తెల్వకపోతే మేమెందుకొచ్చినం?" పటేలు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, గీయన నిజంగ డాక్టరేనా?"

నేను అవునన్నాను. మనిషి నమ్మలేదు. నిజమైన డాక్టరు కావాలని వెతుక్కుంటూ హన్మకొండ వెళ్లిపోయాడు.

నేను మాత్రం ఆ వంతుల పద్ధతిని అందరికీ అద్భుతంగా వివరించేవాడిని. తక్కెడ బొమ్మ గీసి చూపించేవాడిని. ఎవరి ముఖం చూసీ వంతు మార్చకూడదని, మారిస్తే నిజం ఎప్పటికీ తెలియదని, అది ఎంత ధర్మబద్ధమో చెబుతుంటే నా కంఠం నాకే ముచ్చటగా ఉండేది. ఆ చలికాలం మా బాపును ఎడ్లబండిలో పడుకోబెట్టి, తరువాత లారీలో వేసి సిరిసిల్ల నుంచి తీసుకొచ్చేదాకా అంతే.

బాపు ముఖం బూడిద రంగులో ఉంది. చేతులకూ కాళ్లకూ పట్టీలు కట్టి యంత్రం నడిపింది నేనే. సూది కాలుస్తూ గీసిన గీతను చదవడం అప్పటికి నాకు వచ్చు, రాకపోతే బాగుండేది. గుండెలో పెద్ద ముక్కే దెబ్బతింది. తల ఎత్తి తలుపు వైపు చూశాను. పలక మీద 'మంచం' అని ఉంది.

కరీంనగర్ జిల్లా మొత్తంలో ఆ కుర్చీని కోరుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. డాక్టరుగారి వెనకాల వరండాలోకి పరుగెత్తాను.

"సార్, బాపును కుర్చీల కూసోబెడుదం."

"పలక మీద ఏమున్నది?"

"కుర్చీ మంచిదని మీకు తెలుసు గద సార్!"

"అనిపిస్తది. తెల్వదు. తెలిస్తే పలకెందుకు?"

"మా బాపు సార్."

ఆయన ఆగారు. వరండా మెట్టు మీద గొంతుక్కూర్చున్నారు. నేనూ కూర్చోవలసి వచ్చింది.

"బీఎస్సీ, మొన్న మంచం మీద పోయినోనికి గూడ కొడుకున్నడు. ఆ పిలగాడు రేపొచ్చి, మీ ఇంటోళ్లకైతే మార్చుకున్నరట గద అంటే నేనేం జెప్పాలె? నువ్వు జెప్తవా?"

నా తక్కెడ బొమ్మ ఏదీ ఆ సమయానికి గుర్తు రాలేదు. బాపును మంచం మీదే పడుకోబెట్టాం. డాక్టరుగారు అలవాటు ప్రకారం గొంతుక్కూర్చుని తన ప్రశ్న వేశారు. బాపు కళ్లు మెల్లగా కిటికీ పక్కకు తిరిగాయి. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది.

"నన్నెందుకు అడుగుతవ్ సాబ్? గాయన్ని అడుగు. ఒచ్చినకాన్నుంచి నన్నే సూస్తుండు."

డాక్టరుగారు ఆ జవాబును కూడా రాసుకున్నారు. ఏ గడిలో రాశారో నేను చూడలేదు.

తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. బాపుకు వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని జీవితమంతా కూర్చున్న మనిషి. రాత్రి కూడా గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. ఒకనాడు తెల్లవారి మంచు దట్టంగా పట్టింది. కిటికీలోంచి పొగమంచు లోపలికి వచ్చి వార్డులో మోకాలెత్తున నిలబడింది. చాయ తీసుకుని లోపలికి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. కుర్చీలో బాపు.

గొంగడి కప్పి ఉంది. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. గడ్డం కింది నుంచి నెత్తి మీదికి తువ్వాల బిగించి కట్టి ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. వరండాలో శరభయ్యను కూర్చోబెట్టిన తీరుకు వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరు దించారు, ఎవరు కట్టారు, నన్ను ఎందుకు పిలవలేదు అనుకున్నాను.  దండ ఒక్కటే తక్కువైందన్న ఆలోచన వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

అప్పుడు శవం కళ్లు తెరిచి, "చాయేనా గది? సల్లారగొడ్తున్నవ్," అంది.

గ్లాసు కింద పడలేదు. అందులోంచి సగం మాత్రం నా కాళ్ల మీద పడింది.

"ఎందుకు దిగినవ్ బాపూ? గా తువ్వాల ఏంది?"

"సలికి చెవులు గుంజుతున్నయ్. కట్టుకున్న. తప్పా?" అన్నాడు. ఒక గుక్క తాగి, మామూలుగా, పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. "ఊపిరాడ్తలేదు బిడ్డా. సచ్చిపోతుననుకున్న. గాయన సూసిండు. లేసి నాకు కూసోను జాగ ఇచ్చిండు. 'రా, జరసేపు కూసో' అన్నడు. మంచి మనిషి."

"ఎవరు?"

"గీండ్ల కూసుండేటాయన. ఇబూది పెట్టుకున్నడు. పాపం, ఒక్క కాలికే చెప్పున్నది."

మా వైపు ఏ పెద్దమనిషిని ఊహించుకున్నా విభూతి దానంతట అదే వస్తుంది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. చెప్పు సంగతి వేరు. శరభయ్య పోయిన చాలా రోజులకు గానీ బాపు ఆ వార్డులో అడుగు పెట్టలేదు. సిస్టర్ చెప్పి ఉంటుందని వెళ్లి అడిగాను. ఆమె "యేసయ్యా!" అని చేతిలో ఉన్న ట్రే అక్కడే పెట్టి వెళ్లిపోయింది. చెప్పలేదని దాని అర్థం. చెప్పిందని కూడా కావచ్చు. ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

దిగంబరరావుగారు చప్పుడు కాకుండా వచ్చి నా వెనకాల నిలబడి ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. బాపు నాడి చూశారు, వీపు మీద చెవి ఆనించారు.

"కూసున్నంక ఊపిరెట్లున్నది?"

"మంచిగున్నది సాబ్."

"బరం. లేపకుండ్రి. మళ్ల మంచం ఎక్కిస్తే గుండెకు ఇంకింత కష్టం." రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి, పూర్తి గౌరవంతో అడిగారు. "నీకు జాగిచ్చినంక ఆయన ఏడ కూసున్నడు?"

"నువ్విచ్చిన మంచం మీదనే," అన్నాడు బాపు.

ఆ మంచాన్ని ఆ రోజు ఎవరూ ముట్టుకోలేదు.

బాపు బతికాడు. కుర్చీలోనే కూర్చుని, అక్కడే నిద్రపోయి, అక్కడి నుంచే సిస్టర్‌తో వాదులాడి, వాకిలిదాకా నడిచి, ఇంటికి వెళ్లాడు. ఆ సాయంత్రం డాక్టరుగారు లెక్క రాస్తుంటే పక్కన నిలబడ్డాను. బాపు పేరును మంచం వరుసలో రాశారు. బతికిండు అని రాశారు.

"సార్, తప్పు రాసిండ్రు. బాపు కుర్చీల కూసొని బతికిండు."

"ఏ వంతు వచ్చింది?"

"మంచం. గని కూసున్నది కుర్చీల గద!"

"బలమున్నోడే సొంతంగ లేసి కూసుంటడు. లేసినోళ్లనందరిని కుర్చీకి రాసుకుంటే కుర్చీ గెలుస్తది బీఎస్సీ. కుర్చీ మంచిదై కాదు, వాళ్లు గట్టోళ్లై. వంతు ఏదొస్తే అండ్లనే రాయాలె."

"మీ కుర్చీ ఓడిపోతది సార్."

"నాది గాదు గద కుర్చీ. తహసీల్‌దారుది," అన్నారు.

ఆ మనిషి ఆ కుర్చీ కోసం అప్పటికే ఊళ్లో మాట పడ్డాడు. పాడె మీద కూర్చోబెట్టే డాక్టరని పిల్లలు వెనకాల అరిచేవాళ్లు. ఆసుపత్రి పెద్దలు కుర్చీ తీసెయ్యమని కబురు మీద కబురు పంపుతున్నారు. అది నిలబడాలంటే కుర్చీ వైపు బతికినవాళ్లు కావాలి. చేతికి వచ్చిన మంచి సాక్ష్యాన్ని తన చేత్తో తీసి అవతలి వైపు వేశారాయన. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. పోయాక చూసుకుంటే దాని స్థానంలో ఇంకేదో ఉంది.

మరుసటి ఎండాకాలం, వడగాడ్పు కొట్టే మిట్టమధ్యాహ్నం యంత్రం గదిలో కునుకు తీస్తున్నాను. కళ్లు తెరిచేసరికి ఆయన ముఖం ఎదురుగా ఉంది. నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసిపోయి ఉంది.

"బీఎస్సీ, పట్టీలు గట్టు."

"ఎవరికి సార్?"

ఆయన రెండు చేతులూ ముందుకు చాపారు.

అదృష్టమో కాదో, కరెంటు ఉంది. సూది వేడెక్కింది. కాగితం బయటికి వస్తూ ఉంటే ఇద్దరం చూశాం. ఆయన దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, "ఎవరిది గిది? మంచిగ లేదు," అన్నారు. నవ్వించడానికే అన్నారు. తరువాత మామూలు గొంతుతో, "పలక మీద ఏమున్నది?" అన్నారు.

లేచి వెళ్లి చూశాను. చూడకపోయినా తెలుసు. పొద్దున ఒక రోగిని చేర్చుకున్నాక ఆయన రాస్తుంటే బలపం అందించింది నేనే.

"మంచం సార్."

"ఎవరు రాసిండ్రు?"

"మీరే."

"బరం."

సిస్టర్ రూతమ్మ ఏడుస్తూనే కొంగు చేతికి చుట్టుకుని పలక దగ్గరికి వెళ్లింది. "తుడిచేస్త సార్. ఎవరు సూస్తరు?"

"నేను సూస్త," అన్నారాయన. ఆమె కొంగు దించింది.

కిటికీ పక్కనున్న మంచమే ఖాళీగా ఉంది. పడుకోబెట్టాం. మందు ఇచ్చాం, మా దగ్గరున్నదాంతో ఇంకేం చేయగలమో చేశాం. వడగాడ్పుకు కిటికీ రెక్క కొట్టుకుంటోంది. పక్కన కుర్చీ. ఊపిరి తీయడం కష్టమవుతోందని ఆయన పక్కటెముకలే చెబుతున్నాయి. ఆయన ప్రశ్న ఆయన్నే అడగాలని ఎందుకనిపించిందో తెలియదు. మంచం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాను.

"సార్, మీ మనసేమంటున్నది?"

 "అందర్ని అడిగిన గని, ఇది జవాబు చెప్పే సవాల్ గాదు బీఎస్సీ. లోపలికెళ్లి సూస్తే ఏం కనపడ్తలేదు."

అప్పుడు కుర్చీ కిర్రుమంది. ఎండకు పేము ముడుచుకుంటుంది, తెలుసు కదా. ఆయన అటు తిరిగారు. కాసేపు చూశారు, రోగుల్ని చూసినట్టే, రెప్ప వేయకుండా.

"లేసిండు," అన్నారు. "జాగిస్తుండు."

 సిస్టర్ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దను. నా వంతు గాదని చెప్పు. నా మాట ఇనపడ్తలేదు గాయనకు."

నేను ఫిజిక్సు బీఎస్సీని. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "అయ్యగారూ, ఇది సార్ వంతు గాదట. మీరే కూసోండ్రి," అన్నాను. కుర్చీ ఇంకోసారి కిర్రుమంది. దిగంబరరావుగారు తల ఆడించి కళ్లు మూసుకున్నారు. మరునాడు మధ్యాహ్నందాకా ఉన్నారు, మంచం మీదే.

ఆయన పేరును మంచం వరుసలో నేనే రాశాను. పైన ఎక్కడో బాపు పేరు ఉంది. ఒకటి బతుకు, ఒకటి చావు, రెండూ ఒకే వరుసలో. ఒకదానికొకటి చెల్లు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆయన బతికేవారా? అలా అడిగే హక్కు నాకు ఆయన మిగల్చలేదు.

పలక మీద తరువాతి వంతు రాయవలసింది కూడా నేనే. 'కుర్చీ' అని రాశాను. రెండు రోజులకు గంగాధర అనే ఊరి నుంచి ఒక ముసలమ్మను తెచ్చారు. కొడుకులు గుమ్మం దగ్గరే ఆగి కుర్చీ వైపు చూశారు. జట్కావాణ్ణి వెళ్లనివ్వలేదు కాబట్టి, తిరిగి తీసుకెళతారనుకున్నాను.

"డాక్టర్ సాబ్ పోయిండట గద. ఏడ పోయిండు? గీ కుర్చీలనా?" అడిగాడు పెద్దవాడు.

"కాదు. మంచం మీద."

"ఏ మంచం?"

చూపించాను. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అయితే మా అవ్వను కుర్చీలనే కూసోబెట్టుండ్రి. డాక్టరునే మింగిన మంచం, మా అవ్వను ఇడుస్తదా?"

ముసలమ్మ బతికింది. ఆ తరువాత కుర్చీ కావాలని అడగనివాళ్లు లేరు. మంచం వంతు వస్తే గొడవపడేవాళ్లు, సిఫారసులు తెచ్చేవాళ్లు. వెనకటి పటేలు కూడా చుట్టాన్ని తీసుకొచ్చి కుర్చీ కోసం నా చేతులు పట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన డాక్టరు ఇంకో నాలుగు కుర్చీలు తెప్పించాడు. అందరూ కుర్చీలోనే కూర్చుంటే పోల్చడానికి రెండో వరుస ఉండదు కాబట్టి లెక్క అక్కడితో ఆగిపోయింది. పలక తీసేశారు. దిగంబరరావుగారు ఎంత చెప్పినా నమ్మని జనం, ఆయన చనిపోయిన చోటును చూసి నమ్మారు. ఆయన అనుకున్నదే జరిగింది, ఆయన అసహ్యించుకునే కారణంతో జరిగింది. ఇప్పుడు ఎక్కడ చూసినా గుండెపోటు వచ్చినవాళ్లను త్వరగానే లేపి కూర్చోబెడుతున్నారు. ఎక్కడో ఎవరో ఆ లెక్కను సరిగ్గా పూర్తిచేసే ఉంటారు.

నేను తరువాత కాలేజీలో ఫిజిక్సు చెప్పే పనిలో చేరాను. బాపు చాలా ఏళ్లు బతికాడు. చివరి రోజుల్లో సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు వినపడే గదిలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు. ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, నిజం చెప్పు. అప్పుడు నేను కుర్చీ వల్లనే బతికిన్నా?"

అవునంటే సంతోషించేవాడు. నోటిదాకా వచ్చింది కూడా.

"తెల్వదు బాపూ."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "గాయన గూడ గట్లనే అన్నడు," అన్నాడు.

"ఎవరు?"

"డాక్టర్ సాబ్. పొద్దుగాల ఒచ్చి, గాడ కాళ్లకాడ గొంతుకూసున్నడు. చప్పుడు గూడ గాలే. అడిగిన. తెల్వదు అన్నడు. సచ్చినంక గూడ తెల్వదా సాబ్ అంటే నవ్విండు."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పేము ఎందుకు కిర్రుమంటుందో ఇప్పటికీ బోర్డు మీద గీసి చూపించగలను. కానీ కలలోకో మత్తులోకో వచ్చే దయ్యమైతే, పోబోయే ముసలాయన వినాలనుకున్న మాటే చెప్పి ఉండేది. దానికి పోయేదేముంది? ఇది మాత్రం తెలియదని చెప్పి వెళ్లింది. అందుకే, వచ్చినవాడు ఆయనే అయి ఉంటాడని నాకు అనిపిస్తుంది. అనిపిస్తుందంతే.